సోర్స్ కోడ్ నుంచి ప్లగిన్ కట్టుకోవడం

ప్రోగ్రాములు రాసేవాళ్లు పొద్దస్తమానం తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌ను ఐడీఈ అంటారు. కోడ్ రాయడం, దాన్ని కంపైల్ చేయడం, నడిపి చూడడం, తప్పు ఏ వరుసలో ఉందో వెతకడం అన్నీ అందులోనే జరుగుతాయి. ఆ ఐడీఈ తయారుచేసినవాళ్లు ఇవ్వని సౌకర్యాన్ని బయటివాళ్లు తెచ్చి తగిలించే ముక్క ప్లగిన్. దీని పేరు ఇల్లిల్లూ మారుతుంది. ఎక్లిప్స్‌లోనూ ఇంటెలిజేలోనూ ప్లగిన్, వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్, నెట్‌బీన్స్‌లో మాడ్యూల్, ఈమాక్స్‌లో ప్యాకేజీ. వాడేవాళ్లలో ఎక్కువమంది మార్కెట్‌ప్లేస్‌లో బటన్ నొక్కి తెచ్చుకుంటారు. ఈ వ్యాసం రెండో దారి గురించి: ఎవరో రాసిన సోర్స్ కోడ్‌ను దించుకుని, మన కంప్యూటర్లో మనమే బిల్డ్ చేసి, వచ్చిన ఫైలును మన ఐడీఈలో ఎక్కించుకోవడం.

ఈ రెండో దారి తొక్కాల్సి వచ్చే చోటు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. హైదరాబాద్‌కు ఉత్తరాన, కొంపల్లిని ఆనుకుని, మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్న దూలపల్లిని పాతతరం వాళ్లు అటవీశాఖ అకాడమీ ఉన్న ఊరుగా ఎరుగుదురు. ఇప్పుడు ఆ పేరు చెబితే ముందు గుర్తొచ్చేవి ఇంజినీరింగ్ కాలేజీ బస్సులు. సెయింట్ మార్టిన్స్ కాలేజీ ఇక్కడిదే. పక్కనే మైసమ్మగూడలో మల్లారెడ్డి, నర్సింహారెడ్డి పేర్ల కాలేజీలు, మేడ్చల్ దారిలో కండ్లకోయ దగ్గర సీఎంఆర్ కాలేజీలు, శామీర్‌పేట వైపు జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉన్నాయి. ఇన్ని వేలమంది కంప్యూటర్ విద్యార్థులు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు తెలుగునాట అరుదు. సోర్స్ నుంచి ప్లగిన్ కట్టే అవసరం చాలామందికి మొదటిసారి ఇలాంటి చోట్లే, ఫైనలియర్ ప్రాజెక్టు రూపంలో ఎదురవుతుంది. పాత బ్యాచ్ వాళ్లు వదిలివెళ్లిన సోర్స్ ఫోల్డర్ చేతికొస్తుంది. అది వాళ్ల ల్యాప్‌టాప్‌లో నడిచింది. మన దాంట్లో నడవదు.

నడవకపోవడానికి కారణం కోడ్‌లో తప్పు ఉండడం తక్కువసార్లే. రాసినవాళ్ల కంప్యూటర్లో ఏ జావా ఉంది, ఏ నోడ్ ఉంది, ఐడీఈ ఏ సంవత్సరంది అన్న సంగతులు ఆ కోడ్‌లో పైకి కనపడకుండా కలిసిపోయి ఉంటాయి. కోడ్ చేతికందుతుంది, అది పెరిగిన ఇల్లు అందదు. బిల్డ్ చేయడమంటే చాలావరకు ఆ ఇంటిని మళ్లీ కట్టడమే.

లోపల ఏముంటుంది

ప్లగిన్ తనంతట తాను నడిచే ప్రోగ్రాం కాదు. ఐడీఈ ముందుగానే కొన్ని కొక్కేలు బిగించి ఉంచుతుంది: మెనూలో కొత్త వరుస చేర్చడానికొకటి, కోడ్‌కు రంగులు వేయడానికొకటి, ఫైలు దాచినప్పుడు కబురు అందుకోవడానికొకటి. తాను ఏ కొక్కేనికి వేలాడబోతున్నదో ప్లగిన్ ఒక చీటీ మీద రాసుకుని వస్తుంది. ఎక్లిప్స్‌లో ఆ చీటీ ప్లగిన్.ఎక్స్ఎంఎల్, దానితోపాటు మానిఫెస్ట్ ఫైలు. వీఎస్ కోడ్‌లో ప్యాకేజ్.జేసన్. ఐడీఈ మొదట చదివేది కోడ్‌ను కాదు, ఈ చీటీనే. అందులో ‘నేను ఫలానా వెర్షన్ నుంచి పనిచేస్తాను’ అనే వరుస ఒకటి సాధారణంగా ఉంటుంది. బిల్డ్ సవ్యంగా అయినా ఐడీఈ ప్లగిన్‌ను గడప తొక్కనివ్వలేదంటే ముందు చూడాల్సింది ఆ వరుసనే.

ఇక పెట్టె సంగతి. ఎక్లిప్స్ జార్ ఫైలు, నెట్‌బీన్స్ ఎన్‌బీఎం, వీఎస్ కోడ్ వీఎస్ఐఎక్స్, ఇంటెలిజే వాడే జిప్ — పేర్లు నాలుగైనా ఇవన్నీ జిప్ ఫైళ్లే. ఫిల్ కాట్జ్ 1989లో తెచ్చిన ఆ పొట్లం కట్టే పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. వీటిలో దేన్నయినా నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట కనిపించే రెండక్షరాలు ఆయన పేరులోని పీ, కే. పేరు చివరి తోకను జిప్ అని మార్చి విప్పితే లోపలున్నదంతా కనిపిస్తుంది. తాను కట్టిన ప్లగిన్ పనిచేయనప్పుడు ఇలా విప్పి, మార్కెట్‌ప్లేస్ నుంచి వచ్చినదాన్నీ విప్పి, రెండూ పక్కపక్కన పెట్టి చూసే విద్యార్థి గంటల తరబడి వెతుకులాట తప్పించుకుంటాడు. చాలాసార్లు తేడా ఒక్కటే: ఏదో లైబ్రరీ పొట్లంలోకి ఎక్కలేదు.

హైదరాబాద్‌లో తయారైన ఒక ప్లగిన్

తగిలింపుల ఆలోచన ఐడీఈల కంటే పాతది. ఈమాక్స్ 1976లో మరో ఎడిటర్‌కు రాసిన మాక్రోల మూటగా మొదలైంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్‌లో ఎడిటర్‌లోని పెద్దభాగాన్ని వాడేవాడే లిస్ప్‌లో తిరగరాసుకోవచ్చు. తెలుగు విద్యార్థులకు మాత్రం మొదటి ఐడీఈ చాలాకాలం పాటు టర్బో సీ. నీలం తెర, పైన పసుపు అక్షరాలు. దానికి ప్లగిన్లన్న మాటే లేదు. అది 16 బిట్ల డాస్ ప్రోగ్రాం, 64 బిట్ల విండోస్ దాన్ని నడపదు. అందుకని డాస్‌బాక్స్ అనే నకిలీ డాస్‌లో పెట్టి నడిపించుకున్నారు. ఐడీఈ అంటే ఎవరూ వేలుపెట్టలేని మూసిన పెట్టె అన్న భావన అక్కడే పాతుకుపోయిందేమో.

మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్‌ను హైదరాబాద్‌లో 1998లో పెట్టింది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిందీ ఆ ఏడాది నవంబరులోనే. ఆ సెంటర్ తొలినాళ్లలో చేసిన పనుల్లో ఒకటి విజువల్ జే షార్ప్. దాని వెనక ఒక కోర్టు కేసు ఉంది. మైక్రోసాఫ్ట్ తన విజువల్ జే ప్లస్ ప్లస్‌లో జావాను తనకు తోచినట్టు మార్చిందని సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో దావా వేసింది, 2001 జనవరిలో రాజీ కుదిరింది. జావా తెలిసిన ప్రోగ్రామర్లను, అప్పటికే రాసిన జే ప్లస్ ప్లస్ కోడ్‌ను డాట్‌నెట్ వైపు తీసుకెళ్లడానికి జే షార్ప్ పుట్టింది. 2002లో అది వచ్చింది విజువల్ స్టూడియో డాట్‌నెట్‌లో భాగంగా కాదు, విడిగా దించుకుని తగిలించుకునే ముక్కగా. అంటే సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న వస్తువే: ఐడీఈకి కొత్త భాష నేర్పే ప్లగిన్. 2003 విడుదలలో దాన్ని విజువల్ స్టూడియోలోనే కలిపేశారు.

జే షార్ప్ అర్థం చేసుకున్న జావా లైబ్రరీలు జేడీకే 1.1.4 స్థాయి దగ్గరే ఆగిపోయాయి. బయట జావా ముందుకు సాగుతూనే ఉంది. 2007 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఇక దీన్ని కొనసాగించబోమని చెప్పింది, విజువల్ స్టూడియో 2008లో అది లేదు. సోర్స్ బయట పెట్టని సరుకు కాబట్టి దాని మీద ఆధారపడినవాళ్లు తీసుకుని నిలబెట్టుకోవడానికి వీల్లేకపోయింది. ఇదే నగరంలో ఇంజినీర్లు కట్టిన ప్లగిన్‌ను నగరం ఉత్తరపు అంచున ఉన్న విద్యార్థి ఇవాళ తెరిచి చదవలేడు, బిల్డ్ చేయలేడు. అదే ఏళ్లలో అట్లాంటిక్ అవతల మొదలైన ఎక్లిప్స్‌ను మాత్రం చేయగలడు.

ఐబీఎం ఎక్లిప్స్ సోర్స్‌ను 2001 నవంబరులో అందరికీ తెరిచింది. దాని కట్టుబడే వేరు. చిన్న గర్భం ఒకటి, దానిచుట్టూ అన్నీ ప్లగిన్లే. జావా కోడ్ రాసే భాగం కూడా ప్లగినే. బయటివాడు రాసినదానికీ లోపలివాడు రాసినదానికీ ఒకే నియమం. 2004 జూన్‌లో వచ్చిన 3.0 నుంచి ఈ ప్లగిన్లు ఓఎస్‌జీఐ అనే ప్రమాణం ప్రకారం నడుస్తున్నాయి. ఎక్లిప్స్ జావా పనిముట్ల భాగానికి నాయకత్వం వహించిన ఎరిక్ గామా 2011లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి, తరవాత వీఎస్ కోడ్ తయారీని నడిపించాడు. వీఎస్ కోడ్‌ను 2015 ఏప్రిల్‌లో ప్రకటించారు, అదే ఏడాది నవంబరులో సోర్స్ తెరిచారు. జే షార్ప్ సోర్స్‌ను మూసి ఉంచిన కంపెనీయే ఈ పని చేసిందన్నది గమనించాలి. ఇంటెలిజే ఐడియా కమ్యూనిటీ ఎడిషన్ 2009 అక్టోబరులో సోర్స్‌తో సహా బయటికొచ్చింది. గూగుల్ 2013లో దానిమీదే ఆండ్రాయిడ్ స్టూడియోను కట్టింది. దాంతో అప్పటిదాకా ఎక్లిప్స్‌కు ఏడీటీ ప్లగిన్ తగిలించుకుని ఆండ్రాయిడ్ నేర్చుకుంటున్న విద్యార్థులంతా ఇల్లు మారాల్సి వచ్చింది. ఏడీటీకి మద్దతు 2015 చివరికి ఆగిపోయింది.

హైదరాబాద్‌లో 2005 నుంచి పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజినీరింగ్ కాలేజీల్లో గ్నూ/లినక్స్ వాడుకరుల బృందాలు పెట్టించి, సోర్స్ దించుకోవడం, బిల్డ్ చేయడం, తిరిగి పంపడం అనే అలవాటును క్లాస్‌రూం బయట నేర్పింది. సిలబస్‌లో ఈ పనికి చోటు లేనిరోజుల్లో అది చిన్న సాయం కాదు.

కట్టే తీరు

సోర్స్‌ను జిప్‌గా దించుకోవడం తేలిక, కానీ గిట్‌తో క్లోన్ చేసుకోవడమే మంచిది. జిప్‌లో చరిత్ర ఉండదు. వెర్షన్ నంబరును గిట్ ట్యాగుల నుంచి లెక్కగట్టే ప్రాజెక్టులు జిప్ నుంచి బిల్డ్ చేస్తే మొదటి మెట్టు మీదే పడిపోతాయి. సబ్‌మాడ్యూళ్లు ఉంటే ఆ ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. క్లోన్ చేశాక ప్రధాన శాఖ మీద ఉండిపోకుండా ఒక విడుదల ట్యాగుకు మారాలి. ప్రధాన శాఖలో నిన్న రాత్రి ఎవరో సగం చేసి వదిలేసిన పని ఉండొచ్చు.

వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌కు దారి చిన్నది. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ ఉండాలి. దానితోపాటు వచ్చే ఎన్‌పీఎం చేత ఆధారపడిన ప్యాకేజీలన్నీ దింపించాలి, టైప్‌స్క్రిప్ట్‌ను జావాస్క్రిప్ట్‌గా మార్చాలి, తరవాత వీఎస్‌సీఈ అనే చిన్న పనిముట్టు చేత వీఎస్ఐఎక్స్ పొట్లం కట్టించాలి. పొట్లం కట్టే ముందు ఎఫ్5 నొక్కితే మరో కిటికీ తెరుచుకుని అందులో ఆ ఎక్స్‌టెన్షన్ తాత్కాలికంగా నడుస్తుంది. అసలు ఎడిటర్‌కు ఏ హానీ ఉండదు. దింపించేటప్పుడు లాక్ ఫైలులో రాసి ఉన్న కచ్చితమైన వెర్షన్లనే తెచ్చే ‘సీఐ’ ఆదేశం వాడాలి. మామూలు ఇన్‌స్టాల్ ఆదేశం కొన్నిసార్లు కొత్త వెర్షన్లు తెచ్చి, రాసినవాడికి రాని తప్పులు మనకు చూపిస్తుంది.

ఇంటెలిజే ప్లగిన్లు గ్రేడిల్ అనే బిల్డ్ పనిముట్టుతో కడతారు. సోర్స్‌తోపాటే గ్రేడిల్‌డబ్ల్యూ అనే చిన్న స్క్రిప్టు వస్తుంది. తనకు కావలసిన గ్రేడిల్ వెర్షన్‌ను అదే దించుకుంటుంది. బిల్డ్‌ప్లగిన్ అన్న పని నడిపితే బిల్డ్ ఫోల్డర్‌లో డిస్ట్రిబ్యూషన్స్ కింద జిప్ తయారవుతుంది. రన్‌ఐడీఈ అంటే విడిగా మరో ఐడీఈ తెరిచి అందులో ప్లగిన్‌ను నడిపి చూపిస్తుంది. ఇక్కడొక పట్టింపు ఉంది. ప్లగిన్ ఎంత చిన్నదైనా, దాన్ని కంపైల్ చేయడానికి ఆ బిల్డ్ ఒక ఐడీఈ మొత్తాన్ని దించుకుంటుంది, అంటే వందల మెగాబైట్లు. ఫోన్ హాట్‌స్పాట్ మీద హాస్టల్ గదిలో కూర్చుని రన్ కొట్టినవాడికి ఆరోజు డేటా అక్కడితో సరి.

ఎక్లిప్స్ వాటిలో మెలిక ఎక్కువ. రెండు దారులున్నాయి. ఎక్లిప్స్ లోపలే ప్లగిన్ డెవలప్‌మెంట్ పనిముట్లు పెట్టుకుని, ప్రాజెక్టును ఇంపోర్ట్ చేసి, ఎక్స్‌పోర్ట్ మెనూ నుంచి జార్ తీయడం మొదటిది. మేవెన్ అనే బిల్డ్ పనిముట్టుకు టైకో అనే తగిలింపు పెట్టి కమాండ్ లైన్ నుంచి కట్టడం రెండోది. దేనిలోనైనా ‘టార్గెట్ ప్లాట్‌ఫాం’ అన్న మాట ఎదురవుతుంది: ఈ ప్లగిన్‌ను ఏ ఎక్లిప్స్‌కు సరిపోయేలా కంపైల్ చేయాలి అన్నది. మొదటి దారిలో అది చెప్పకపోతే మనం నడుపుతున్న ఎక్లిప్స్‌నే కొలతగా తీసుకుంటుంది. మన ఎక్లిప్స్ కొత్తది, ప్లగిన్ పాతది అయితే వందల ఎర్ర గీతలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా దిద్దడం మొదలుపెట్టడం శుద్ధ దండగ. టార్గెట్ సరిచేస్తే చాలావరకు అన్నీ ఒకేసారి మాయమవుతాయి.

ఈమాక్స్, విమ్‌లలో కట్టడమంటూ పెద్దగా ఏమీ లేదు. విమ్ 8 నుంచి, అంటే 2016 నుంచి, సోర్స్ ఫోల్డర్‌ను ఫలానా చోట పడేస్తే చాలు. ఈమాక్స్‌లో ఫైలును ఉన్నదున్నట్టే లోడ్ చేయవచ్చు.

ఎక్కడ తెగుతుంది

బిల్డ్ విఫలమైతే తెర మీద వందల వరుసలు దొర్లుతాయి. చివరి వరుస చూసి కంగారుపడడం అందరూ చేసే పని. చూడాల్సింది మొదట వచ్చిన తప్పు. మిగతావన్నీ దాని సంతానమే.

జావా ప్లగిన్లలో ఎక్కువగా కనిపించేది క్లాస్ వెర్షన్ గొడవ. కంపైల్ అయిన ప్రతి జావా క్లాస్ ఫైలు మొదటి నాలుగు బైట్లు ‘కేఫ్‌బేబ్’ అని చదివేలా ఉంటాయి. తయారుచేసినవాళ్ల సరదా అది. కొద్ది బైట్ల తరవాత వెర్షన్ సంఖ్య ఉంటుంది: జావా 8 అయితే 52, 11 అయితే 55, 17 అయితే 61, 21 అయితే 65. జావా 17తో కట్టిన ప్లగిన్‌ను జావా 11 మీద నడుస్తున్న ఐడీఈలో పెడితే ‘నాకు 55 వరకే తెలుసు, ఇది 61’ అని తిరస్కరిస్తుంది. ఆ సంఖ్యలు తెలియనివాడికి ఆ సందేశం మంత్రంలా ఉంటుంది. తెలిసినవాడికి అదే మందు చీటీ. ఇంటెలిజే 2022.2 నుంచి జావా 17, 2024.2 నుంచి జావా 21 కావాలి. ఎక్లిప్స్ 2022 సెప్టెంబరు విడుదల నుంచి జావా 17 తప్పనిసరైంది. కాబట్టి పాత ప్రాజెక్టు తెరిచేముందు దాని తేదీ చూసి ఆ కాలపు జేడీకేను పక్కన పెట్టుకోవడం తెలివైన పని. ఒకే కంప్యూటర్లో మూడు నాలుగు జేడీకేలు ఉండడం అనారోగ్యం కాదు, జావా హోమ్ ఏది చూపిస్తోందో గుర్తుంటే చాలు.

రెండో రకం తప్పులు కోడ్ మారకపోయినా లోకం మారడంవల్ల వస్తాయి. మేవెన్ సెంట్రల్ 2020 జనవరి 15 నుంచి హెచ్‌టీటీపీఎస్ లేని రాకపోకలను ఆపేసింది. అంతకుముందు రాసిన బిల్డ్ ఫైల్లో ఆ ఒక్క అక్షరం లేకపోతే 501 అన్న సంఖ్యతో తిరుగుటపా వస్తుంది. ఆండ్రాయిడ్ లోకం అంతా వాడిన జేసెంటర్ భాండాగారం మూసివేతను 2021 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2021 అక్టోబరులో వచ్చిన నోడ్ 17 కొత్త ఓపెన్ఎస్ఎస్ఎల్ గూఢలిపి లైబ్రరీతో రావడంతో వెబ్‌ప్యాక్ 4 వాడిన ప్రాజెక్టులు చాలా గూఢలిపి తప్పుతో ఆగిపోయాయి. ఎక్స్‌టెన్షన్ రాసినవాడు ఏ తప్పూ చేయలేదు. పాత నోడ్ పెట్టుకోవడమే అక్కడ సూటి వైద్యం. 2016 మార్చిలో 11 వరుసల లెఫ్ట్‌ప్యాడ్ అనే ప్యాకేజీని దాని కర్త ఎన్‌పీఎం నుంచి తీసేసినప్పుడు ప్రపంచమంతటా బిల్డులు కూలిన కథ ఈ వర్గానిదే.

మూడో రకం ఇంకా చిన్నవి, అందుకే ఇంకా చిరాకు. కాలేజీ ల్యాబులో ప్రాక్సీ ఉంటే బ్రౌజర్‌కు చెప్పిన సంగతి మేవెన్‌కు తెలియదు, మేవెన్‌కు చెప్పింది గ్రేడిల్‌కు తెలియదు, ఎన్‌పీఎంకు మళ్లీ విడిగా చెప్పాలి. విండోస్‌లో ఫైలు దారి పొడవు మామూలుగా 260 గుర్తులకు మించకూడదు. నోడ్ మాడ్యూళ్ల ఫోల్డర్లో ఫోల్డర్, దానిలో ఫోల్డర్ అంటూ పోతే అది ఇట్టే దాటిపోతుంది. డెస్క్‌టాప్ మీద ‘మేజర్ ప్రాజెక్ట్ ఫైనల్ కొత్తది 2’ అనే పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల క్లోన్ చేయడం కంటే డిస్కు మొదట్లోనే రెండక్షరాల ఫోల్డర్ పెట్టుకోవడం నయం. లినక్స్‌లో గ్రేడిల్‌డబ్ల్యూ ‘అనుమతి లేదు’ అంటే జిప్ విప్పేటప్పుడు నడిపే హక్కు పోయిందని అర్థం. కొన్ని ఎక్స్‌టెన్షన్లలో సీ ప్లస్ ప్లస్ ముక్కలుంటాయి. వాటికి కంపైలర్‌తోపాటు పైథాన్ కూడా ఉండాలి. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు పైథాన్ ఎందుకు అడుగుతోందో మొదటిసారి ఎవరికీ అర్థం కాదు.

నెట్ సరిగా లేని ల్యాబులో అరవై యంత్రాల మీద ఇదంతా చేయాలంటే ఒకచోట పూర్తిగా బిల్డ్ చేసి, మేవెన్, గ్రేడిల్ దాచుకునే ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లో మిగతావాటికి మోసుకెళ్లి, ఆఫ్‌లైన్ గుర్తుతో నడపవచ్చు. రెండింటికీ ఆ గుర్తు ఉంది.

తెలుగు అక్షరాల సంగతి

ప్లగిన్‌లో తెలుగు సందేశాలు పెట్టాలనుకున్నవాళ్లకు బిల్డ్ వేరే పాఠం నేర్పుతుంది. జావా మాటల పట్టికలు ప్రాపర్టీస్ ఫైళ్లలో ఉంటాయి. జావా 8 దాకా ఆ ఫైళ్లు పశ్చిమ ఐరోపా లిపి పద్ధతిలో ఉన్నాయనుకుని చదివేది. అందులో తెలుగు నేరుగా రాస్తే చెత్త అక్షరాలొచ్చేవి. ప్రతి వర్ణానికీ వెనకగీత, యు, నాలుగంకెల సంకేతం అంటూ ఆరు గుర్తులు రాయాలి. ‘తెలుగు’ అనే మాటలో యూనికోడ్ లెక్కన ఆరు వర్ణాలున్నాయి కాబట్టి ఆ ఒక్క మాటకు 36 గుర్తులు. 2017లో వచ్చిన జావా 9 ఈ పట్టికలను యూటీఎఫ్-8గా చదవడం మొదలుపెట్టింది. కోడ్ లోపలే రాసిన తెలుగుకు మరో ప్రమాదం: ఎన్‌కోడింగ్ చెప్పకపోతే జావా కంపైలర్ ఆపరేటింగ్ సిస్టం అలవాటునే పట్టుకునేది. లినక్స్‌లో కట్టినప్పుడు బాగున్న ప్లగిన్ విండోస్‌లో కట్టినప్పుడు చెత్త అక్షరాలు చూపించడం అందుకే. 2022లో జావా 18 యూటీఎఫ్-8నే అందరికీ మామూలు చేసింది. బిల్డ్ ఫైల్లో ఎన్‌కోడింగ్ ఒక్క వరుస రాసి ఉంచడం ఇప్పటికీ మంచి అలవాటు.

కొలతల చిక్కు దీనికంటే లోతైనది. ‘తెలుగు’ కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌కు ఆరు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. 2016లో వచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రొటోకాల్ ప్రకారం చాలా ప్లగిన్లు రెండు ముక్కలుగా ఉంటాయి: ఎడిటర్లో కూర్చునే పలుచని భాగం, పక్కన విడిగా నడిచే సర్వర్. రెండూ స్థానాన్ని ఒకే కొలతతో చెప్పుకోవాలి, మామూలుగా అది యూటీఎఫ్-16. సర్వర్ బైట్లు లెక్కపెట్టి పంపితే తెలుగు వ్యాఖ్య ఉన్న వరుసలో ఎర్ర గీత పదం కింద కాక ఎక్కడో ఖాళీలో పడుతుంది. ఇంగ్లిష్ మాత్రమే వాడేవాళ్లకు ఈ తప్పు ఏళ్లతరబడి కనపడదు. ఒక ప్లగిన్‌ను సోర్స్ నుంచి కట్టి దిద్దే పనికి తెలుగు విద్యార్థి దిగాలంటే ఇంతకంటే మంచి మొదటి వాకిలి లేదు. తప్పు అతనికే కనిపిస్తుంది, పరీక్షించడానికి కావలసిన అక్షరాలూ అతని దగ్గరే ఉన్నాయి. ఈమాక్స్‌లో తెలుగు టైపు చేయడానికి ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులు ముందునుంచే కలిసివస్తాయి కాబట్టి పరీక్షకు విడి కీబోర్డు ఏర్పాటు కూడా అక్కర్లేదు.

ఎక్కించడం

కట్టిన పొట్లాన్ని ఎక్కించడం అరనిమిషం పని. వీఎస్ కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ల పలక మూల మెనూలో వీఎస్ఐఎక్స్ నుంచి ఇన్‌స్టాల్ అని ఉంటుంది. విండోస్‌లో ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కకూడదు. పెద్దన్న విజువల్ స్టూడియో కూడా 2010 నుంచి అదే తోక వాడుతోంది, కానీ పొట్లం తీరు వేరు. అది తెరుచుకుని పనికిరాదని చెబుతుంది, మనం మన బిల్డ్‌ను అనుమానిస్తాం. ఇంటెలిజేలో ప్లగిన్ల పేజీలో డిస్కు నుంచి ఇన్‌స్టాల్. అక్కడ జిప్‌ను విప్పకుండా అలాగే ఇవ్వాలి. ఎక్లిప్స్‌లో సరైన దారి అప్‌డేట్ సైట్ పొట్లాన్ని ‘కొత్త సాఫ్ట్‌వేర్’ మెనూలో ఆర్కైవ్‌గా చూపించడం. జార్‌ను డ్రాపిన్స్ ఫోల్డర్లో పడేసే దొంగదారి కూడా ఉంది. అయితే ఏదైనా ఆధారం లోపిస్తే ఆ దారిలో వచ్చిన ప్లగిన్ నోరెత్తకుండా మాయమవుతుంది. మెనూ కనిపించదు, తప్పు సందేశం రాదు. క్లీన్ అన్న గుర్తుతో ఎక్లిప్స్‌ను మళ్లీ మొదలుపెట్టి, ఎర్రర్ లాగ్ చూడాలి.

సంతకం లేని సరుకు ఎక్కిస్తున్నారని ఎక్లిప్స్ హెచ్చరిస్తుంది. మనమే కట్టుకున్నది కనక ఆ హెచ్చరిక మామూలే. కానీ ఆ హెచ్చరికకు చూడకుండా సరే నొక్కే అలవాటు పడితే, ఎవరో వాట్సాప్‌లో పంపిన జార్‌కు కూడా వేలు అలాగే కదులుతుంది.

నమ్మకం

సోర్స్ చూసి కట్టుకుంటే భద్రం అన్న మాట సగమే నిజం. వీఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌కు ఎడిటర్‌కున్న హక్కులన్నీ ఉంటాయి. మన ఫైళ్లు చదవగలదు, నెట్‌కు వెళ్లగలదు. అంతకంటే ముందు, ఎన్‌పీఎం ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే తమ స్క్రిప్టులు నడపగలవు. గ్రేడిల్ బిల్డ్ ఫైలు కూడా ప్రోగ్రామే. అంటే ప్లగిన్ ఎక్కించకముందే, బిల్డ్ ఆదేశం కొట్టిన క్షణాన, ముక్కూమొహం తెలియని వ్యక్తి కోడ్ మన యంత్రంలో నడిచినట్టే. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ పనిముట్టులో దొంగదారి పెట్టారని 2024 మార్చిలో బయటపడ్డ కుట్రలో విడుదల పొట్లంలో ఉన్న ఒక స్క్రిప్టు బహిరంగ గిట్ భాండాగారంలో లేదు. సోర్స్ చదివామనుకున్నవాళ్లు చదివింది ఒకటి, కట్టింది మరొకటి. కంపైలర్‌లోనే దొంగను కూర్చోబెట్టవచ్చని కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో చూపించాడు. తెలియని ప్రాజెక్టును మొదటిసారి వర్చువల్ మెషిన్‌లోనో కంటైనర్‌లోనో కట్టడం పిరికితనం కాదు.

లైసెన్సు మాట కూడా ఇక్కడే. సోర్స్ కనిపిస్తోంది కదా అని ఏదైనా చేయవచ్చనుకోకూడదు. వీఎస్ కోడ్ సోర్స్ ఎంఐటీ లైసెన్సు కిందిది, మైక్రోసాఫ్ట్ పంచే తయారు సరుకు వేరే షరతుల కిందిది. దాని మార్కెట్‌ప్లేస్‌ను ఆ కంపెనీ ఉత్పత్తుల్లోనే వాడాలన్నది ఒక షరతు. అందుకే ఆ సోర్స్ నుంచి పుట్టిన ఇతర ఎడిటర్లు ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ దుకాణం మీద ఆధారపడతాయి. అక్కడ దొరకని ఎక్స్‌టెన్షన్ కావాలంటే, దాని లైసెన్సు ఒప్పుకుంటే, సోర్స్ నుంచి కట్టుకోవడం ఒక దారి. జీపీఎల్ కింద ఉన్న ప్లగిన్‌ను మార్చి నలుగురికీ పంచితే మార్చిన సోర్స్ కూడా అడిగినవాళ్లకు ఇవ్వాలి. ప్రాజెక్టు రికార్డులో ‘మా సొంత కృషి’ అని రాసేముందు అసలు కర్తల పేర్లున్న లైసెన్సు ఫైలును తీసేయకుండా ఉంచడం చట్టమూ, మర్యాదా.

ఇలా కట్టుకున్న ప్లగిన్ ఆయుష్షు సాధారణంగా తక్కువ. మార్కెట్‌ప్లేస్‌లో అదే గుర్తింపు పేరుతో పెద్ద వెర్షన్ వస్తే ఇంటెలిజే దాన్ని తెచ్చుకోమంటుంది. ఒప్పుకుంటే మన దిద్దుబాటు చెరిగిపోతుంది. వీఎస్ కోడ్ మాత్రం వీఎస్ఐఎక్స్ నుంచి ఎక్కించినవాటికి ఆటో అప్‌డేట్‌ను ఆపే ఉంచుతుంది. దిద్దుబాటును నిలుపుకోవాలనుకుంటే చీటీలో ప్లగిన్ గుర్తింపు పేరునే మార్చాలి. మన మార్పును అసలు కర్తలకు పుల్ రిక్వెస్టుగా పంపితే, అది కలిసిన తరవాతి విడుదల మార్కెట్‌ప్లేస్‌లోకి వచ్చిన రోజున మన చేత్తో కట్టినదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, అందరిలాగే బటన్ నొక్కి తెచ్చుకోవచ్చు.